కెమెరాలు పెరిగాయి, చూపు పెరగాలి

అబ్దుల్లాపూర్‌మెట్ : కొన్నేళ్ళ క్రితం వరకు సీసీ కెమెరా అంటే బ్యాంకుకో, పెట్రోలు బంకుకో, బంగారు దుకాణానికో సంబంధించిన వస్తువుగా మన గ్రామాలవారు భావించేవారు. ఇప్పుడు మామూలు ఇంటి గేటు మీద, కిరాణా కొట్టు ముందు, పాల కేంద్రం వద్ద, చివరకు బావి దగ్గరి మోటారు గది మీద కూడా అది దర్శనమిస్తున్నది. ఇందుకు కారణాలు లేకపోలేదు. 2016లో అబ్దుల్లాపూర్‌మెట్ ప్రత్యేక మండలంగా ఏర్పడిన నాటి నుండి నగరం ఇటువైపు వేగంగా విస్తరించింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలి రావడంతో విజయవాడ రహదారి మీద లారీల రాకపోకలు పెరిగాయి. పొలాల మధ్య ప్లాట్లు, ప్లాట్ల మధ్య ఒంటరి ఇళ్ళు వెలిశాయి. ఇంటిల్లిపాదీ ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు పనులకు వెళితే పగలంతా ఇంటికి తాళమే కాపలా. రాత్రిపూట పొలంలో ఉన్న మోటారు, స్టార్టరు, కేబుల్ తీగ సంగతి దేవుడికే ఎరుక.

ఈ పరిస్థితులలో కష్టపడి కూడబెట్టిన డబ్బు ఖర్చుచేసి కెమెరాలు పెట్టించుకోవడం సహజమే. అయితే కెమెరా పెట్టించడం వేరు, అవసరమైన రోజున అది అక్కరకు రావడం వేరు. దొంగతనం జరిగిన మరునాడు పెట్టె తెరిచి చూస్తే ఒక చోట ముఖం మసకగా ఉంటుంది, మరొక చోట ఆ రోజు దృశ్యమే ఉండదు, ఇంకొక చోట కెమెరా ఎప్పుడు ఆగిపోయిందో ఇంటి యజమానికే తెలియదు. కొనేవారు ఎన్ని కెమెరాలు, ఎంత ధర అని మాత్రమే అడగడం, అమ్మేవారు అంతవరకే చెప్పడం ఈ అవస్థకు మూలకారణం.

దిల్‌సుఖ్‌నగర్ నేర్పిన పాఠం

ఈ విషయం మనకు కొత్త కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళలో 18 మంది ప్రాణాలు కోల్పోగా, వంద మందికి పైగా గాయపడిన సంగతి జిల్లా ప్రజలకు విదితమే. బాంబులను సైకిళ్ళకు అమర్చి తెచ్చారు. పేలుళ్ళ మరునాటి నుండే అందరి నోటా వినవచ్చిన ప్రశ్న ఒకటే : అక్కడి కెమెరాలు ఆ రోజు పనిచేస్తున్నాయా, లేదా? కెమెరా ఉన్నదని తృప్తిపడటం చాలదనీ, అది పనిచేస్తున్నదో లేదో రోజూ చూసేవారు ఉండాలనీ ఆ చర్చ తెలియజెప్పింది. ఆ కేసులో అయిదుగురికి ప్రత్యేక న్యాయస్థానం 2016లో విధించిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది.

అదే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది లేదా అంతకు మించి గుమికూడే అవకాశం ఉన్న సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలనీ ఆ చట్టం నిర్దేశించింది. సొంత ఇళ్ళకు ఈ నిర్బంధం లేదు. కానీ ఆ 30 రోజుల లెక్క ఇంటి యజమానులకు కూడా మంచి కొలబద్ద. ఊరికి పోయి పది, పదిహేను రోజుల తర్వాత తిరిగివచ్చిన కుటుంబానికి వారం రోజుల దృశ్యాలు మాత్రమే నిలిచే పెట్టె ఉండి లాభమేమిటి?

ముఖం కనిపించాలి

కెమెరా ఎంపికలో మొదట తేల్చుకోవలసింది ఆవరణ అంతా కనిపించాలా, వచ్చినవాడి ముఖం కనిపించాలా అన్నది. ఒకే కెమెరా ఈ రెండు పనులూ చక్కగా చేయలేదు.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అపరిచితుడి ముఖాన్ని గుర్తుపట్టాలంటే, కెమెరా చూపే దృశ్యపు వెడల్పులో మీటరుకు 250 చుక్కలు పడాలి. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. సాధారణంగా అమ్ముడయ్యే 2 మెగాపిక్సెళ్ళ కెమెరాలో అడ్డంగా 1,920 చుక్కలుంటాయి. అంటే సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే అది ముఖాన్ని నమ్మకంగా పట్టుకోగలదు. చాలా ఇళ్ళకు బిగించే 2.8 మిల్లీమీటర్ల కటకం చూపు చాలా వెడల్పు. పది అడుగుల దూరానికే ఆ వెడల్పు పూర్తవుతుంది. ముప్పై అడుగుల దూరంలో నిలిచిన మనిషి రూపం, దుస్తుల రంగు తెలుస్తాయి గాని ముఖం తెలియదు. తర్వాత ఫోనులో ఎంత పెద్దది చేసి చూసినా లేని చుక్కలు రావు.

అదే కెమెరాకు 6 మిల్లీమీటర్ల కటకం ఉంటే చూపు సన్నబడుతుంది గాని, ఇరవై అడుగులకు పైబడిన దూరంలో కూడా ముఖం తెలుస్తుంది. కాబట్టి ఆవరణ అంతటికీ వెడల్పు చూపు కెమెరా ఒకటి, గేటు గుండానో ముఖద్వారం గుండానో తప్పనిసరిగా నడిచి రావలసిన చోటికి సన్న చూపు కెమెరా ఒకటి పెట్టుకుంటే, నాలుగు మూలలా ఒకే రకం నాలుగు బిగించినదానికంటే ఎక్కువ ప్రయోజనం.

ఎత్తు కూడా ముఖ్యమే. ఎవరికీ అందకూడదని పదిహేను అడుగుల పైన బిగిస్తే టోపీలు, తలపాగాలు కనిపిస్తాయే తప్ప ముఖాలు కనిపించవు. ముఖం కోసం పెట్టేది ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో ఉండటం మంచిది. అమర్చడానికి వచ్చిన మనిషి వెళ్ళకముందే ఇంట్లో ఒకరు రాత్రి చీకటిలో గేటు నుండి నడిచి వచ్చి, రికార్డయిన దృశ్యంలో ముఖం తెలుస్తున్నదో లేదో చూసుకోవాలి. పగటి చిత్రం చూసి డబ్బు చెల్లించడం పొరపాటు. గేటు వద్ద రాత్రంతా చిన్న ఎల్ఈడీ దీపం వెలగనిస్తే చిత్రం రంగులలో స్పష్టంగా వస్తుంది. వెలుతురు చూసి దొంగ వెనుకాడే అవకాశమూ ఉంది.

ఎన్ని రోజులు నిలుస్తుంది?

నాలుగు కెమెరాలకు ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్ ఇస్తే నెల రోజులు వస్తుందని చెబితే నమ్మేముందు లెక్క వేసుకోవాలి. 2 మెగాపిక్సెళ్ళ కెమెరా కొత్త పద్ధతి అయిన హెచ్.265లో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే సుమారు 21 గిగాబైట్లు పడుతుంది. నాలుగింటికి రోజుకు 86 గిగాబైట్లు. ఆ లెక్కన ఒక టెరాబైట్ పదకొండు రోజులకే నిండుతుంది, ఆపైన పాతది చెరిగిపోతూ ఉంటుంది. పాత హెచ్.264 పద్ధతిలో ఇంచుమించు రెట్టింపు స్థలం పట్టవచ్చు, అంటే అయిదారు రోజులే. నెల రోజులు నిలవాలంటే నాలుగు కెమెరాలకు దాదాపు మూడు టెరాబైట్లు కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టుకుంటే స్థలం ఆదా అవుతుంది. కానీ చెట్ల కొమ్మలు ఊగే చోట ఆ ఆదా పెద్దగా ఉండదు.

హార్డ్‌డిస్క్‌లలోనూ రకాలున్నాయి. మామూలు కంప్యూటరుకు వాడేదానిని ఈ పనికి పెడితే, రాత్రింబవళ్ళు రాసే శ్రమకు అది త్వరగా చెడిపోవచ్చు. నిఘా కెమెరాల కోసం తయారుచేసినదే అడిగి తీసుకోవాలి, బిల్లులో ఆ పేరు రాయించుకోవాలి.

రికార్డు చేసే పెట్టెను హాలులో టీవీ కింద, అందరికీ కనిపించేలా పెట్టడం పరిపాటి అయింది. లోపలికి వచ్చిన దొంగ ఆ పెట్టెనే ఎత్తుకుపోతే ఇక సాక్ష్యమేదీ మిగలదు. గాలి ఆడే తాళం గూట్లోనో, అటక మీదనో దానిని ఉంచడం మేలు.

ఏ ఇంటికి ఏది?

కోఠి గుజరాతీ గల్లీలో గాని, ఎల్బీనగర్ దుకాణాలలో గాని ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి. మొదటిది పాత పద్ధతిలో కోయాక్సియల్ తీగతో డీవీఆర్ పెట్టెకు కలిపేది. ఖర్చు తక్కువ, బాగుచేసేవారు ప్రతిచోటా ఉంటారు. రెండవది ఐపీ కెమెరా. ఒకే నెట్‌వర్క్ తీగలో కరెంటు, చిత్రం రెండూ నడుస్తాయి. చిత్రం మేలు, ధర కాస్త ఎక్కువ. ఆ తీగ వంద మీటర్లకు మించి నేరుగా పనిచేయదని దూరంగా పశువుల కొట్టం ఉన్న రైతులు గుర్తుంచుకోవాలి. మూడవది మెమరీ కార్డుతో వైఫై మీద నడిచే చిన్న కెమెరా. ఒక వాకిలి ఉన్న చిన్న ఇంటికి, వృద్ధులు ఒంటరిగా ఉండే ఇంటికి ఇది సరిపోతుంది. కానీ కెమెరాను పీకి పట్టుకుపోతే కార్డు కూడా దానితోనే పోతుంది. నాలుగవది సౌరఫలకం, 4జి సిమ్‌తో నడిచేది. కరెంటు, ఇంటర్నెట్ లేని పొలానికి ఇదే దిక్కు. అయితే సిమ్‌కు ప్రతినెలా రీచార్జి తప్పదు. బ్యాటరీ ఆదా కోసం కదలిక ఉన్నప్పుడే మేల్కొనేవి వీటిలో ఎక్కువ. కాబట్టి మొదటి క్షణాలు జారిపోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో జారీచేసిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం కెమెరాలను భద్రత విషయంలో గుర్తింపు పొందిన ప్రయోగశాలలలో పరీక్షించి నమోదు చేయించాలి. పేరూ ఊరూ లేని చవక సరుకు కొనడం కంటే, నమోదు గుర్తు చూసి, జీఎస్టీ బిల్లుతో, వారంటీ కాగితంతో కొనడమే క్షేమం.

పాతది మార్చదలచినవారు

అయిదారేళ్ళ క్రితం పెట్టించుకున్నవారిని ఇప్పుడు మొత్తం తీసివేసి కొత్తది వేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడనవసరం లేదు. గోడలలో వేసిన కోయాక్సియల్ తీగ బాగుంటే ఎక్కువ స్పష్టత గల కొత్త కెమెరాలకు కూడా అదే పనికివస్తుంది. మొదట మార్చవలసింది గేటు కెమెరా. 5 మెగాపిక్సెళ్ళది వేయదలిస్తే, ఉన్న డీవీఆర్ దానిని తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి. రెండవది హార్డ్‌డిస్క్. పెట్టె మార్చవలసి వస్తే పాత కెమెరాలను, కొత్త ఐపీ కెమెరాలను కలిపి నడిపే రకం దొరుకుతుంది. ఏడాదికి ఒకటి చొప్పున మార్చుకునే వీలు సామాన్యుడికి అప్పుడే కలుగుతుంది.

కరెంటు విషయమూ ఆలోచించాలి. నాలుగు కెమెరాలు, పెట్టె కలిపి 40 వాట్ల వరకు, అంటే రోజుకు ఒక యూనిట్ పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ లైనును, దానితోపాటు ఇంటర్నెట్ రౌటరును దానికి కలపాలి. మెయిన్ ఆఫ్ చేస్తే కెమెరాలన్నీ గుడ్డివయ్యే ఏర్పాటు దొంగకు ఆహ్వానం వంటిది. వర్షాకాలంలో పిడుగుల వల్ల పెట్టెలు కాలిపోకుండా సరైన ఎర్తింగు, సర్జ్ ప్రొటెక్టర్ అవసరం. కంకర మిల్లుల దుమ్ము పడే గ్రామాలలో అద్దాన్ని పదిహేను రోజులకు ఒకసారి మెత్తని గుడ్డతో తుడవాలి. రాత్రి కెమెరా దీపాలకు పురుగులు వస్తే, పురుగుల కోసం సాలెపురుగు గూడు కడుతుంది. తెల్లవారి చూస్తే ఆ గూడు తప్ప మరేమీ కనిపించదు.

తాళం ఎవరి చేతిలో?

ఇంటి తాళంచెవి పరాయివాడి చేతికి ఇవ్వని మనం, ఇంటి కెమెరా పాస్‌వర్డ్‌ను మాత్రం పట్టించుకోవడం లేదు. అమర్చినవారు పెట్టిన 'అడ్మిన్', '12345' వంటి పాస్‌వర్డ్‌లే ఏళ్ళ తరబడి కొనసాగుతుంటాయి. 2016లో ఇటువంటి మార్చని పాస్‌వర్డ్‌లున్న కెమెరాలను, రికార్డరు పెట్టెలను 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాం లక్షల సంఖ్యలో లోబరచుకొని, ఇంటర్నెట్ సేవలనే స్తంభింపజేసింది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుండి మహిళా రోగుల దృశ్యాలు బయటకు పొక్కి, టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చిన ఉదంతం దేశాన్ని నివ్వెరపరచింది. రక్షణ కోసం పెట్టిన కన్ను పరుల చేతిలో పడితే జరిగే అనర్థం ఇది.

అమర్చిన మనిషి ఎదుటనే పాస్‌వర్డ్ మార్చాలి. పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టనే కూడదు. ఇంటి లోపలి కెమెరా తప్పనిసరి అయితే అందరికీ తెలిసేలా, అందరి సమ్మతితో ఉండాలి. ఒకే ఇంట్లో ఉంటున్నవారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పగా, దానిలో జోక్యానికి సుప్రీంకోర్టు నిరాకరించింది.

పొరుగువారి విషయమూ అంతే. పల్లెలలో స్నానాల గది, బోరింగు, బట్టలు ఆరేసుకునే చోటు పెరటిలోనే ఉంటాయి. మన ప్రహరీ మీది కెమెరా పక్కింటి పెరటిలోకి చూస్తుంటే, దొంగ రాకముందే తగవు వస్తుంది. స్త్రీల ఆంతరంగిక దృశ్యాలను చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం కూడా. పొరుగు ఇంటి భాగాన్ని నల్లగా కప్పివేసే వీలు చాలా కెమెరాలలో ఉంది. దానిని వాడుకోవడం మర్యాద, క్షేమం కూడా.

సాక్ష్యంగా నిలవాలంటే

కెమెరాలో చిక్కినంత మాత్రాన కేసు గెలిచినట్లు కాదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి ధ్రువపత్రం జతపరచాలి. ఆ ఫైలుకు వేలిముద్ర వంటిదైన 'హాష్' సంఖ్యను కూడా అందులో పేర్కొనాలి. టీవీ తెర మీద దృశ్యాన్ని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంచుకుంటే నలుగురికీ తెలుస్తుందేమో గాని, న్యాయస్థానంలో నిలబడటం కష్టం. కనుక చోరీ జరిగిన వెంటనే 112కు ఫోను చేయాలి. పెట్టెను కదిలించకుండా, పాత దృశ్యాలు చెరిగిపోకముందే పోలీసుల సమక్షంలో ప్రతి తీయించాలి. పెట్టెలోని గడియారం, తేదీ సరిగా ఉన్నాయో లేదో నెలకొకసారి చూసుకోవాలి. తేదీ తప్పుగా ఉన్న దృశ్యం నిందితుడి తరఫు వకీలుకు ఆయుధమవుతుంది.

ఊరి కెమెరాల సంగతి

ఒక కెమెరా వంద మంది పోలీసులతో సమానమని అధికారులు తరచు చెబుతుంటారు. 'నేను సైతం' పేరిట దుకాణాలు, ఇళ్ళవారు, కాలనీలవారు, దాతలు ముందుకు వచ్చి వీధులలో కెమెరాలు పెట్టించడం తెలంగాణలో ఒక ఉద్యమంగా సాగింది. అది హర్షణీయం. అయితే చందాలు వసూలు చేసి ప్రారంభోత్సవం జరిపినంత సులువు కాదు, వాటిని ఏళ్ళ తరబడి నడపడం. కోతి తీగ తెంపినా, గాలివానకు స్తంభం వంగినా, హార్డ్‌డిస్క్ చెడినా బాగుచేయించవలసింది ఎవరు? కరెంటు బిల్లు ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానం లేని చోట కెమెరా దిష్టిబొమ్మగా మిగులుతుంది. దిష్టిబొమ్మ అని తెలిసిన దొంగకు భయం ఉండదు.

2025 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో గ్రామాలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. వారు కొత్త కెమెరాలకు తీర్మానం చేసేముందు ఉన్నవాటిలో ఎన్ని పనిచేస్తున్నాయో లెక్క తీసి గ్రామసభలో చదివి వినిపిస్తే ఎంతో మేలు. కొత్తగా పెట్టేటప్పుడు కొనుగోలు ధరతోపాటు కనీసం మూడేళ్ళ నిర్వహణ ఒప్పందం రాయించుకోవాలి. వారానికి ఒకసారి పరిశీలించి పుస్తకంలో సంతకం చేసే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. దృశ్యాలు ఎవరు చూడవచ్చు, పాస్‌వర్డ్ ఎవరి వద్ద ఉండాలి అన్నది కూడా రాసి పెట్టాలి. ఊరి రాజకీయాలలో ఎదుటివారి ఇంటికి ఎవరు వస్తున్నారో చూడటానికి ఈ కెమెరాలు వాడితే, రేపు ఎవరూ చందా ఇవ్వరు, సాక్ష్యమూ ఇవ్వరు.

బాధ్యతగా చూసుకునేవారు లేకపోతే ఎంతటి చోటనైనా కెమెరా వృథా అనడానికి పోలీస్ స్టేషన్లే ఉదాహరణ. దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అవి సక్రమంగా పనిచేయడం లేదన్న వార్తలపై 2025లో అదే న్యాయస్థానం మళ్ళీ తనంత తాను విచారణ చేపట్టవలసి వచ్చింది. ఠాణాలకే తప్పని ఈ సమస్య మన పంచాయతీలకు, మన ఇళ్ళకు రాదనుకోవడం భ్రమ.

చేతిలో డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబం ముందు తలుపు గడియను, వెనుక కిటికీ ఊచలను బలపరచుకోవాలి. ఆ తర్వాత గేటు దీపం. ఆపైన ముఖం పట్టే ఒక మంచి కెమెరా, నెల రోజులు నిలిచే పెట్టె. ఊరికి వెళ్ళేటప్పుడు పక్కింటివారికి చెప్పి వెళ్ళే పాత అలవాటును ఏ యంత్రం వచ్చినా మానరాదు. కెమెరా జరిగినదానిని చూపగలదు. జరుగుతున్నప్పుడు కేక వేసి పరుగెత్తుకు రాగలిగింది పొరుగువారే. గ్రామస్థులు ఈ వారం ఒక్క పని చేస్తే చాలు : తమ ఇంటి పెట్టెలో వారం రోజుల కిందటి రాత్రి దృశ్యం తెరిచి, గేటు దగ్గరి మనిషి ఎవరో పోల్చుకోగలుగుతున్నారో లేదో చూసుకోవాలి. పోల్చుకోలేకపోతే బాగుచేయించుకోవలసిన సమయం ఇదే.